క్రొత్త బండి ఏల నిలిచిపోవును?



వాన లేదు, బురద లేదు, చక్రమున గాలి తగ్గలేదు, ఇరుసు విరుగలేదు. కొని ఆఱు మాసములైనను నిండని బండి, రాత్రి యంతయు చార్జింగు పెట్టిన బండి, తెల్లవాఱి తాళము త్రిప్పగా కదలకున్నది. దాని ముఖమున నున్న స్క్రీనుమీద ఒక యెఱ్ఱని గుర్తు, దాని ప్రక్కన రెండు మూడు ఇంగ్లీషు అక్షరములు, కొన్ని యంకెలు. అంతకంటె నది యేమియు చెప్పదు. యజమాని దానిని ట్రాక్టరు ట్రాలీలో నెక్కించుకొని దొనకొండ నుండి మార్కాపురమునకో ఒంగోలునకో పోవలసినదే.

ఇట్టి బండిని జూచి మనవారు రెండు మాటలు చెప్పుదురు. కంపెనీవాడు మోసగించెనని యొకటి, కరెంటు బండ్ల బ్రతుకే యింత యని రెండవది. రెండును తొందరపాటు మాటలే. బండి యేల నిలిచినదో తెలిసినవానికి తాను దేనిని ముట్టవచ్చునో, దేనిని ముట్టరాదో, ఎవరిని ఏమని యడుగవలెనో తెలియును. తెలియనివాడు కదలని బండికి నెలనెల బ్యాంకు వాయిదా కట్టుచు, దాని హ్యాండిలుకు నిమ్మకాయలు గట్టి కూర్చుండును. అప్పుచేసి బండి కొని, దానిపై కూరగాయలో పాలో మోసికొని బ్రతుకు పిల్లవానికి పది దినములు బండి నిలిచెనన్న అది యాటపాటల విషయము కాదు.

మీటరుగేజి దినములలో మన దొనకొండ ఆవిరి యింజనుల షెడ్డు గల యూరు. ఆ యింజనుల నెఱిగిన పెద్దలు మనలో నింకను గలరు. ఆవిరి యింజను తన రోగమును దాచుకొనెడిది కాదు. గొట్టము పగిలిన బుస్సుమనును. బేరింగు కాలిన వాసన వచ్చును. బోల్టు వదులైన టకటక లాడును. ఫిట్టరు సుత్తితో తట్టి, చెవి యొగ్గి విని, రోగమిది యని చెప్పెడివాడు. ఎడ్లబండియు నంతే, ఇరుసు కీచుమనిన కందెన కావలెనని పసివాడైనను చెప్పగలడు. నేటి బండి రోగము కంటికిని చెవికిని అందదు. అది చాలమాఱు విరుగుట కాదు, ఒప్పుకొనకపోవుట. ఈ భేదమును గ్రహించిన సగము విషయము తెలిసినట్లే.

దీనికి ఉపమానము మరల రైలులోనే దొరకును. ఒంటిదారి రైలుమార్గమున ఒక స్టేషను నుండి ముందటి స్టేషనునకు పోవలెనన్న డ్రైవరు చేతికి టోకెను అందవలెను. బాయిలరు నిండ ఆవిరి యున్నది, బొగ్గున్నది, నీరున్నది, చక్రములు సరిగానున్నవి. ఐనను టోకెను చేతికి రానిదే రైలు కదలదు. టోకెను ఏల రాలేదు? ముందటి దారిలో నిజముగ రైలు ఉండవచ్చును. లేదా దారి ఖాళీగనే యుండి టోకెను ఇచ్చు పెట్టె చెడియుండవచ్చును. డ్రైవరునకు రెండును ఒకటే. ఆగవలసినదే.

విద్యుత్తు బండిలో జరుగునదియు నిదియే. అందు పెద్ద బ్యాటరీ యొకటి, మోటారు ఒకటి, రెంటి నడుమ కాంటాక్టరు అను బలమైన స్విచ్చి యొకటి యుండును. తాళము త్రిప్పగానే ఆ స్విచ్చి మూసికొనదు. మొదట బ్యాటరీని కనిపెట్టి యుండు చిన్న కంప్యూటరు లేచి, లోపలి సెల్లు లన్నిటి వోల్టేజి సరిగా నున్నదా, వేడి మితిమీఱినదా, విద్యుత్తు బండి యినుపచట్టమునకు కాఱుచున్నదా యని విచారించును. మోటారును నడుపు కంట్రోలరు తన క్షేమము చెప్పును. బ్రేకుది, యాక్సిలరేటరుది, సైడుస్టాండుది, తాళముది సెన్సారులు తమతమ సాక్ష్య మిచ్చును. అందఱును సరియన్న పిమ్మటనే కాంటాక్టరు మూసికొని మోటారునకు విద్యుత్తు పోవును. ఈ సాక్షులలో నొక్కడు పలుకకున్నను, తప్పుగ పలికినను టోకెను రాదు. బ్యాటరీలో నూటికి నూఱు పాళ్లు విద్యుత్తున్నను బండి కొయ్యవలె నిలిచియుండును. వంద రూపాయల సెన్సారు లక్ష రూపాయల బండిని ఆపుట ఇట్లే.

ఇక రెండవ విషయము, చాలమందికి తెలియనిది. పెద్ద బ్యాటరీ తన్ను తాను మేలుకొల్పుకొనజాలదు. విద్యుత్తు కార్లలో పెద్ద బ్యాటరీ గాక, ప్రాత పెట్రోలు కార్లలో నుండునట్టి 12 వోల్టుల చిన్న బ్యాటరీ యొకటి ప్రత్యేకముగ నుండును. స్కూటర్లలో కొన్నింటికి అట్టి చిన్న బ్యాటరీయో, లేదా పెద్దదానినుండి 12 వోల్టులు తీసి యిచ్చు పెట్టెయో యుండును. కంప్యూటర్లను మేలుకొల్పునదియు, కాంటాక్టరును మూయునదియు ఈ చిన్నదియే. ఛాందోగ్యోపనిషత్తులో వాక్కు, కన్ను, చెవి, మనస్సు, ప్రాణము తమలో నెవరు గొప్పయని వాదించుకొన్న కథ మీరు వినియుందురు. తక్కినవి యొక్కొక్కటి యేడాది వెడలిపోయినను దేహము నిలిచినది. ప్రాణము లేవబోగానే అన్నియు పెల్లగిల్లినవి. ఈ 12 వోల్టుల చిన్న బ్యాటరీ విద్యుత్తు కారునకు ప్రాణము వంటిది. అది దిగిపోయిన పెద్ద బ్యాటరీలోని వందల వోల్టులు చెఱలో పడినట్లే.

ఇది యూహ కాదు. హ్యుందాయ్ కంపెనీవారి అయోనిక్ 5 అను విద్యుత్తు కారు 2023 జనవరిలో మనదేశమున సుమారు 45 లక్షల రూపాయల ధరకు విడుదలయ్యెను. అందును, కియా కంపెనీవారి ఈవీ6 కారునందును పెద్ద బ్యాటరీకి బయటి విద్యుత్తు నెక్కించుటకును, పెద్దదానినుండి చిన్నదానికి విద్యుత్తు నిచ్చుటకును కలిపి ఐసీసీయూ అను పెట్టె యొకటి కలదు. ఆ పెట్టె లోపల చెడిన చిన్న బ్యాటరీకి మేత రాదు. కారు నడుచుచుండగనే హెచ్చరిక వెలుగును. పిమ్మట వేగము తగ్గును. కొంతసేపటికి బండి నిలిచిపోవును. 2024 జూనులో మనదేశమున 1,744 అయోనిక్ 5 కార్లను, జులైలో 1,138 ఈవీ6 కార్లను ఈ కారణముననే కంపెనీలు వెనుకకు పిలిచినవి. 2025 ఫిబ్రవరిలో 1,380 ఈవీ6 కార్లను మఱల పిలిచినవి. అమెరికాలో 2024 మార్చిలో హ్యుందాయ్, జెనెసిస్ బండ్లు 98,878 పిలువబడినవి. పరీక్షించి, సాఫ్టువేరు మార్చి, అవసరమైనచోట పెట్టె మార్చిరి. ఆ మందు చాలలేదు. ఆ సంవత్సరము నవంబరులోనే మొదటి బండ్లతోగూడ 1,45,235 బండ్లను మరల పిలువవలసివచ్చినది. అర్ధకోటి ఖరీదుగల బండికే యింత యైనప్పుడు లక్ష రూపాయల స్కూటరు కొన్నవాడు మాత్రము తన జాతకమును నిందించుకొన నేల?

ఇంతకు సాఫ్టువేరు అన నేమి? నలువది యేండ్లు బడిపిల్లలకు చదువు చెప్పినవాడను గనుక నాకు తెలిసిన వస్తువుతో చెప్పెదను. మార్కాపురము పలక మీకు తెలియును. పలక రాయి, అది హార్డువేరు. దానిమీద బలపముతో వ్రాసిన వ్రాత సాఫ్టువేరు. పలక పగిలిన మార్చవలెను. వ్రాత తప్పైన పలక నేల మార్చవలెను? తుడిచి సరిగా వ్రాసిన చాలును. బండిలోని కంప్యూటర్లు పలకలు. ఎంత వేడి యైన ఆగవలెను, ఏ సెన్సారు మాటను నమ్మవలెను, సాక్షులు విరుద్ధముగ పలికిన నేమి చేయవలెను అను విధులు వానిమీది వ్రాత. ఆ వ్రాతలో నొక పంక్తి తప్పిన, బండిలో నే భాగమును చెడకున్నను బండి నడువదు, లేదా తప్పుగ నడుచును. ఇక్కడ నొక సంగతి కలదు. పలకమీది తప్పు ఒక్క పిల్లవానిది. కంపెనీవాడు వ్రాసిన తప్పు ఒక్కమాఱే వేల పలకలమీద నెక్కును. అందుచేత సాఫ్టువేరు దోషము ఒక్క బండికి వచ్చుట యరుదు. వచ్చిన ఆ తరగతి బండ్లన్నిటికిని వచ్చును.

దీనికి నిదర్శనము మన యాంధ్రదేశముననే కలదు. పెనుకొండ దగ్గఱ ఎఱ్ఱమంచి యొద్ద కియా కంపెనీవారి కార్ల కర్మాగారము 2019 నుండి నడుచుచున్నది. అక్కడ తయారైన కారెన్స్ అను కార్లను 44,174 సంఖ్యలో 2022 అక్టోబరున వెనుకకు పిలిచిరి. ప్రమాద సమయమున గాలిసంచిని విప్పు కంప్యూటరులోని సాఫ్టువేరున లోపముండవచ్చునని పరీక్షించుటకు. మరుసటి సంవత్సరము జూనులో 30,297 కారెన్స్ కార్లను మరల పిలిచిరి. వానిలో డ్రైవరునెదుట వేగము, హెచ్చరికలు చూపు స్క్రీను మేలుకొనునపుడు తడబడి, ఏమియు చూపక నల్లగా నుండిపోవచ్చునని. ఆ స్క్రీను మార్చనక్కఱ లేదు. వ్రాత మార్చిన చాలును. అట్లే యుచితముగ మార్చిరి. ఇంజను చక్కగ తిరుగుచున్నను ఎదుట నేమియు కనబడని బండిని రాత్రివేళ నల్లమల ఘాటులో నెవడు నడుపును? 2024 ఫిబ్రవరిలో సెల్టాస్ కార్లు 4,358 పిలిచినపుడు దోషము వేఱు: కొన్ని పెట్రోలు బండ్ల గేరుపెట్టెకు నూనె త్రోయు విద్యుత్తు పంపును నడుపు కంట్రోలరు. అది పలక దోషము, మార్చవలసినదే.

పిలిచినందుకు కంపెనీని నిందింపవలదు. దోషము కనుగొని పిలుచువాడు కొంత నయము. పిలుపు రాగా, బండి బాగుగనే నడుచుచున్నది గదా యని పోకుండువాని తప్పు మాత్రము తప్పే.

పెట్రోలు బండ్లవారు తమకిది తగులదని యనుకొనుచుందురు. 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజి 6 నియమములు వచ్చినపిమ్మట ద్విచక్ర వాహనములలో కార్బురేటరు పోయి కంప్యూటరు లెక్కచూచి పెట్రోలు చిమ్ము పద్ధతి వచ్చినది. పిడికెడు తీగల కట్టలో నొక జోడింపు వదులైనను ఇంజను ముట్టుకొనదు. క్రొత్త లారీలలో పొగను శుద్ధిచేయుటకు యూరియా ద్రవము పోయుదురు. అది యయిపోయెనన్న డీజిలు నిండుగ నున్నను ఇంజను బలము తగ్గించుకొనును. పలకల లోడుతో మార్కాపురము నుండి బయలుదేఱు లారీ డ్రైవర్ల నడుగుడు, వారు నాకంటె బాగుగ చెప్పుదురు. ఇందును ఇంజను చెడలేదు. ఒప్పుకొనలేదు.

ఇన్ని సాక్ష్యము లెందుకు, పాతబండివలె తిన్నగా నడువరాదా యని కొందఱనవచ్చును. దీనికి జవాబు 2022 ఏప్రిల్ మాసము చెప్పినది. ఆ నెలలో విజయవాడలో ఇంట చార్జింగు పెట్టిన స్కూటరు బ్యాటరీ పేలి ఒకరు మరణించిరి. నిజామాబాదులోను అట్లే యొక వృద్ధుడు మరణించెను. హైదరాబాదునకు చెందిన ప్యూర్ ఈవీ కంపెనీ ఆ నెలలోనే 2,000 స్కూటర్లను, ఓలా ఎలక్ట్రిక్ కంపెనీ 1,441 స్కూటర్లను వెనుకకు పిలిచినవి. పిదప కేంద్ర ప్రభుత్వము బ్యాటరీల పరీక్షలను కఠినము చేసినది. ఆ మార్పులు 2022 డిసెంబరు 1 నుండి మొదటి విడతగను, 2023 మార్చి 31 నుండి రెండవ విడతగను అమలునకు వచ్చినవి. బ్యాటరీ వేడెక్కిన నిలుపవలెను, సెల్లులు సమముగ లేకున్న నిలుపవలెను. మన పడమటి సీమ యెండలలో మధ్యాహ్నము రేకుల షెడ్డు క్రింద నిలిపిన బండి నెమ్మదించినను, చార్జింగు తీసికొననన్నను అది రోగము గాకపోవచ్చును. నీడకు నెట్టి, గంటసేపు చల్లబడనిచ్చి చూడవలెను. అట్లు నిలుపు కాపలాదారుని త్రోసిపుచ్చి తీగ నేరుగా కలిపి బండిని నడిపించువాడు మెకానిక్కు కాడు. ఇంటికి నిప్పు పెట్టువాడు.

ఇప్పుడు చేయదగినది. మొదట స్క్రీనుమీది సంకేతమును ఫోనులో ఫొటో తీసికొనవలెను. బండి నార్పి మరల వెలిగించిన నది చెరిగిపోవచ్చును. చెరిగిన పిమ్మట సర్వీసు సెంటరువాడు ‘మాయొద్ద బాగానే నడిచినది’ అని పంపివేయును. సైడుస్టాండు దిగియున్నదా, ఎఱ్ఱని కిల్‌స్విచ్చి నొక్కబడియున్నదా చూడవలెను. నవ్వకుడు, ఈ రెంటివలన నిలిచిన బండ్లు ట్రాలీ యెక్కినవి కలవు. పిమ్మట బండిని పూర్తిగ నార్పి పది నిమిషములుంచి తిరిగి వెలిగింపవలెను. తడబడిన కంప్యూటరు ఒక్కొక్కప్పుడు నిద్రలేచి సర్దుకొనును. చిన్న బ్యాటరీ కొనలవద్ద తుప్పో, వదులో ఉన్నదేమో చూడవచ్చును. తీగలను ఎలుకలు కొఱికినవేమో చూడవచ్చును. గడ్డివాము ప్రక్కన బండి నిలుపువారికి ఇది ముఖ్యము. కార్లలో నారింజరంగు తొడుగుగల తీగలను మాత్రము ముట్టరాదు. అవి పెద్ద బ్యాటరీ తీగలు, ప్రాణము తీయును. పెద్ద బ్యాటరీ పెట్టెను విప్పరాదు. విద్యుత్తు కారును త్రాటితో కట్టి చక్రముల మీద ఈడ్పరాదు. చక్రములతో మోటారు తిరిగి తానే విద్యుత్తు పుట్టించి తక్కిన భాగములను కాల్చవచ్చును. పైకెత్తి బండిమీదనే తీసికొనిపోవలెను.

సర్వీసు సెంటరులో జరుగుదానిని గూర్చి నా కొక యభిప్రాయము కలదు. మన తర్కశాస్త్రమున కారణమును నిర్ణయించుటకు అన్వయ వ్యతిరేకము లని రెండు పరీక్షలు చెప్పుదురు. ఇది యున్నప్పుడు అది యుండుట, ఇది లేనప్పుడు అది లేకుండుట. అట్లు పరీక్షించిన నొక్క దినమున తేలు దోషమునకు, కొందఱు మెకానిక్కులు నేడు కంట్రోలరు, రేపు చార్జరు, ఎల్లుండి తీగల కట్ట అని వరుసగ మార్చుచు పోవుదురు. నా యెఱిగిన యొక యువకుని క్రొత్త స్కూటరు మూడుమాఱు లిట్లు పోయి మూడుమాఱులు తిరిగివచ్చినది. నాలుగవమాఱు తేలినది: సీటుక్రింద నొక జోడింపులో వాననీరు చేరి, పచ్చని చిలుము పట్టియుండెను. వెల ఏమియు లేదు. పోయినది ముప్పదియెనిమిది దినముల కూలి. కంపెనీ పేరు చెప్పుట మర్యాద కాదు; ఆ పని యందఱును చేయుచున్నారు. పరీక్షించు పరికరము తమయొద్దనే యుంచుకొని, ఊరి మెకానిక్కునకు సంకేతముల యర్థమైనను చెప్పని కంపెనీలకు ఇందు పెద్ద పాలు కలదు. 2022 డిసెంబరు 24న కేంద్ర ప్రభుత్వము మరమ్మతు హక్కు పేర నొక పోర్టలు తెఱచినది. అందలి సమాచారము తెలుగున మన మెకానిక్కుల చేతికందిన నాడు దాని ఫలము కనబడును.

ఇది యొంటి మనిషి గోడు కాదని లెక్కలు చెప్పుచున్నవి. ఓలా ఎలక్ట్రిక్ స్కూటర్లపై ఒక సంవత్సరములో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైనునకు 10,644 ఫిర్యాదులు రాగా, 2024 అక్టోబరున కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఆ కంపెనీకి నోటీసు ఇచ్చినది. వానిలో నూటికి తొంబదితొమ్మిది పరిష్కరించితిమని కంపెనీ జవాబు చెప్పినది. ఎవరి మాట యెట్లున్నను, ఫోను చేసి వ్రాయించుకొన్నవారి సంఖ్యయే లెక్కకు వచ్చినది. రచ్చబండమీద తిట్టినవారిది రాలేదు. ఆ హెల్ప్‌లైను నంబరు 1915.

చట్టము సంగతి. 2019 సవరణచే మోటారు వాహనముల చట్టమున 110-ఎ అను సెక్షను చేరినది. దోషముగల బండ్లను వెనుకకు పిలువుమని కంపెనీని ప్రభుత్వమే యాజ్ఞాపింపవచ్చును. తత్సంబంధ నియమములు 2021 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చినవి; ఏడేండ్లు దాటని బండ్లకు వర్తించును. తన బండి పిలుపులోనిదా కాదా యని చాసిస్ నంబరు చెప్పి డీలరు నడుగవచ్చును; అట్టి మరమ్మతునకు సొమ్మీయనక్కఱ లేదు. ఇక సొంత నష్టమునకు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము కలదు. 50 లక్షల రూపాయల వఱకు వెల చెల్లించిన వస్తువును గూర్చి జిల్లా వినియోగదారుల కమిషనులో కేసు వేయవచ్చును. 5 లక్షల లోపల వెలయైన కోర్టు రుసుము లేదు. వివాదకారణము పుట్టిననాటినుండి రెండేండ్లలోపల వేయవలెను. న్యాయవాది లేకయు పోవచ్చును.

కేసు నిలుచునది కాగితముమీద. ప్రతిమాఱును బండి నప్పగించునపుడు జాబ్‌కార్డు అడిగి తీసికొనవలెను. అందు ‘జనరల్ చెకప్’ అని వ్రాసిన నొప్పుకొనరాదు. ‘నడుచుచు నిలిచిపోయినది’ యనియో ‘కదలలేదు’ అనియో మన మాటలనే వ్రాయింపవలెను. ఇచ్చిన తేది, తీసికొన్న తేది, మీటరుమీది కిలోమీటర్లు, ఏ భాగము మార్చిరి, సాఫ్టువేరు మార్చిరా, మార్చిన దాని క్రొత్త సంఖ్య యేమి, ఇన్నియు అందుండవలెను. స్క్రీను ఫొటో, ట్రాలీ బాడుగ రసీదు, ఆ దినములలో బ్యాంకునకు కట్టిన వాయిదాల చీటీలు వానితో కలిపి యొక సంచిలో నుంచవలెను. సంతకము లేని జాబ్‌కార్డు ఇచ్చిన కౌంటరు వదలకుండ సంతకము పెట్టించుకొని రావలెను.